ఎడమ భుజానికి తుపాకి

మన పురానాపూల్ హైదరాబాదు నగరం కంటె పదమూడేళ్ళు పెద్దది. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో 1578లో మూసీ మీద ఈ వంతెన లేచింది. నగరానికి పునాది పడినది 1591లో. గోల్కొండ కోట నుండి కార్వాన్ మీదుగా వచ్చే రాచబాట ఈ వంతెన మీదనే ఏరు దాటేది. ఫ్రెంచి దేశపు వజ్రాల వర్తకుడు తావెర్నియే దీనిని చూచి, పారిస్ నగరంలోని పాంత్ నఫ్ వంతెన అందానికి ఇది ఏమంత తీసిపోదని వ్రాసుకొన్నాడు. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో మూసీ నగరాన్ని తుడిచిపెట్టినపుడు దెబ్బలు తిన్నది గాని కూలలేదు.

ఈ వంతెనను గురించి ఎవరు వ్రాసినా భాగమతి ప్రేమకథతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ కథ చదువరులందరికీ తెలిసినదే కనుక దాని జోలికి పోను. కోటకూ నగరానికీ నడుమ దారి ఇదే గనుక, కుతుబ్‌షాహీల కాలం మొదలుకొని ఎన్నో తరాల సైనికులు భుజాన తుపాకులతో దీని మీద నడచి ఉంటారు. ఆ తుపాకులన్నీ ఏ భుజం కోసం తయారైనవి? ఈ ప్రశ్న చాలామందికి తట్టదు, కుడిచేతివాటం వారికి తట్టవలసిన అవసరమూ లేదు. నేను పుట్టు ఎడమచేతివాటం వాణ్ణి గనుక నాకు తట్టింది. దానికి జవాబు వెదకుతూ పోతే వత్తి తుపాకి నుండి నేటి స్వయంభరణ తుపాకి దాకా ఒక చిన్న చరిత్రే కనబడింది. ఈ టపా దానిని గురించి.

ముందు మాటల సంగతి. తెలుగు పండితుడిగా బతికినవాణ్ణి, మాట దగ్గర ఆగకుండా ముందుకు పోలేను.

తెలుగులో కుడికి ‘వల’ అని, ఎడమకు ‘డా’ అని పాత మాటలున్నాయి. వలచేయి, డాచేయి. కాడికి కట్టిన ఎద్దులలో కుడిదానిని వలపటి ఎద్దు అనీ, ఎడమదానిని దాపటి ఎద్దు అనీ రైతులు ఇప్పటికీ అంటారు. హైదరాబాదు దక్కనీలో ఎడమవైపును ‘డావే బాజూ’ అంటారు. పురానాపూల్ దగ్గర ఆటో ఎక్కినవారు ఈ మాట వినే ఉంటారు. కుడివైపుకు వారి మాట ‘సీధే బాజూ’. ‘సీధా’ అంటే కుడి, తిన్ననిది కూడా. అంటే ఎడమ వంకర అన్నట్లేగదా! లాటిన్‌లో ఎడమను సూచించే ‘సినిస్టర్’ అన్న మాట ఇంగ్లీషులోకి వచ్చేసరికి దుష్టమైనదన్న అర్థం సంపాదించుకొన్నది. ఏ భాష చూచినా కుడికి పీట, ఎడమకు చీవాటు.

అయితే సంస్కృతంలో ఒక విచిత్రమున్నది. ‘సవ్యం’ అంటే అసలు అర్థం ఎడమ. జందెం ఎడమ భుజం మీదుగా ఉండడం దేవకార్యాలలో పద్ధతి, పితృకార్యంలో దానిని కుడి భుజం మీదికి మార్చడం అపసవ్యం. పద్ధతి ప్రకారం ఉన్నది సవ్యం గనుక ‘సవ్యంగా’ అంటే సరిగా అనే అర్థం తెలుగులో స్థిరపడింది. మన సైన్సు పుస్తకాలలో గడియారపు ముల్లు తిరిగే దిశను సవ్యదిశ అంటారు. ఎడమ అన్న మాటే ‘సరి’ అన్న మాటగా మారిపోయిందన్నమాట. ఎడమచేతివాటం పిల్లవాణ్ణి “సవ్యంగా వ్రాయరా” అని గదిమే ఉపాధ్యాయుడు నిఘంటువు ప్రకారం వాడికి అనుమతి ఇస్తున్నాడే గాని మందలించడం లేదు!

ఈ సవ్యం నుండి వచ్చినదే సవ్యసాచి. ఎడమచేత కూడ గాండీవాన్ని లాగగలవాడు గనుక అర్జునుడికి ఆ పేరు. విరాటపర్వంలో ఉత్తరుడికి తన పది పేర్లు వివరించేటపుడు ఆయనే ఈ సంగతి చెప్పుకొంటాడు. భగవద్గీత పదకొండవ అధ్యాయంలో కృష్ణుడు అతణ్ణి ఈ పేరుతోనే పిలుస్తాడు. విల్లుకు కుడి ఎడమల పట్టింపు లేదు. చేతులు మార్చి పట్టుకొంటే చాలు. బాణం ఏ చేతికీ అన్యాయం చేయదు. ఒడిసెల కూడ అంతే. బైబిలులో న్యాయాధిపతుల గ్రంథం బెన్యామీను గోత్రంలో ఏడువందలమంది ఎడమచేతివాటం ఒడిసెలకాండ్రున్నారని చెప్పి, వారి గురిని మెచ్చుకొంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాలను చూడండి. కత్తి పిడి కూడ సాధారణంగా రెండువైపులా ఒకే తీరుగా ఉంటుంది. పోరాడే మనిషికే గాని పనిముట్టుకు చేతివాటం లేని కాలమది.

తుపాకి వచ్చి ఆ సమానత్వాన్ని చెడగొట్టింది.

* * *

కుతుబ్‌షాహీల నాటి తుపాకి తోడాదార్, అంటే వత్తి తుపాకి. గొట్టంలో మందు, గుండు దట్టించి, గొట్టం ప్రక్కనున్న చిన్న పళ్ళెంలో రంజకం పోసేవారు. మీట నొక్కితే వెలుగుతున్న వత్తి వంగి రంజకాన్ని అంటుకొనేది. ఆ మంట సన్నని బెజ్జం గుండా లోపలి మందుకు చేరి గుండు పేలేది. ఆ పళ్ళెం కుడివైపున ఉండేది. తుపాకిని కుడి భుజానికి ఆనించిన వాడి చెంప తుపాకి కర్రకు ఎడమవైపున ఉంటుంది. రంజకం భగ్గుమన్నా ఆ మంట కర్రకు అవతలివైపున. అదే తుపాకిని ఎడమ భుజానికి ఆనించితే చెంప కుడివైపుకు వస్తుంది. అంటే మంట లేచేది సరిగ్గా ముఖం ఉన్నవైపునే. కన్ను, కనుబొమ, గడ్డం అన్నిటికీ గండం.

1687లో ఔరంగజేబు గోల్కొండను ఎనిమిది మాసాలు ముట్టడించినపుడు ఇరుపక్షాల వారూ పట్టినవి ఇటువంటివే. వేలమంది తుపాకీదారులలో ఎడమచేతివాటం వారు లేకపోలేదు. ప్రపంచంలో ఇంచుమించు పదిమందిలో ఒకరు ఎడమచేతివారే. ఆ పదవ మనిషి ఏమి చేసి ఉంటాడు? కుడి భుజం మార్చుకొని ఉంటాడు, వేరే దారి లేదు. చరిత్రలో వాడి పేరు లేదు. గోల్కొండను కడదాకా కాపాడిన అబ్దుర్రజాక్ లారీ పేరున్నది, తలుపు తీసి ద్రోహం చేసిన వాడి పేరున్నది. వత్తికి కన్ను అప్పగించిన ఎడమచేతి సిపాయి పేరు ఎవరు వ్రాస్తారు?

తర్వాత చెకుముకి తుపాకి వచ్చింది. రెండవ నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమాండ్ 1795 ప్రాంతాన తోపుల కార్ఖానా నెలకొల్పాడు. తోప్ కా సాంచా, నేటి గన్‌ఫౌండ్రీ. రేమాండ్ 1798 మార్చిలో చనిపోయాడు. ఆ అక్టోబరులోనే ఇంగ్లీషువారు అతని దళాలను నిరాయుధం చేశారు. రాజ్యాలు మారాయి, తుపాకి పక్షం మారలేదు. చెకుముకి కూడ కుడివైపునే. తర్వాత పందొమ్మిదవ శతాబ్ది నడుమ సిపాయీలకు ఇచ్చిన ఎన్‌ఫీల్డు తుపాకి సుత్తీ కుడివైపునే. ఆ తూటా కాగితాన్ని పళ్ళతో చింపడం గురించి 1857 చరిత్ర పుటల కొద్దీ వ్రాసింది. దాన్ని ఏ భుజాన పెట్టి కాల్చాలన్న మాట ఎవరికీ పట్టలేదు.

దీనికి కారణం ద్వేషం కాదు. ఆనాటి యుద్ధం వరుసలలో జరిగేది. భుజానికి భుజం ఆనించి నిలబడిన వరుసలో ఒకడు మాత్రం ఎడమవైపు తిరిగి నిలబడితే వాడి రంజకపు నిప్పు పక్కవాడి మీద పడుతుంది. కవాతు ఒకే తీరుగా సాగడానికి మనుషులందరూ ఒకే తీరుగా ఉండాలి. ఆ తీరు తొమ్మిదిమందిది. పదవవాడు అందులో ఇమడాలి.

డబ్బున్నవాడికి మాత్రం ఈ నియమం వర్తించలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో లండన్‌లో వేట తుపాకులు చేసే పనివారు కొనేవాడి చేతులూ మెడా కొలిచి, దర్జీ కోటు కుట్టినట్లు తుపాకి కుదిర్చేవారు. కుడి కన్ను పోయినవాడికి కర్రను వంచి, కుడి భుజాన పెట్టుకొని ఎడమ కంటితో గురి చూచేటట్లు చేసి ఇచ్చేవారు. అంటే ఎడమవారికి తగిన తుపాకి చేయడం అసాధ్యం కాదని అప్పటికే తెలుసు. ప్రభువు కోసం పనిముట్టు వంగింది. సిపాయి కోసం వంగలేదు. వాడే వంగాడు.

* * *

ఇరవయ్యవ శతాబ్దం వచ్చేసరికి గొళ్ళెం తుపాకి, అదే బోల్ట్ రైఫిల్, సైన్యాలను ఏలింది. మన దేశంలో బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన త్రీనాట్‌త్రీ అదే. మొన్నమొన్నటి దాకా పోలీసు ఠాణాలలో కనిపించేది. ఒక్కొక్క తూటా కాల్చిన తర్వాత గొళ్ళెం పిడిని ఎత్తి, వెనుకకు లాగి, ముందుకు తోసి, దించాలి. పిడి కుడివైపున ఉంటుంది. కుడిచేతివాడు మీట మీది చేతితోనే ఆ పని చేస్తాడు, ఎడమచేయి తుపాకిని మోస్తూ ఉంటుంది. ఎడమచేతివాడు మీట మీది ఎడమచేతిని తుపాకి మీదుగా అవతలికి చాచి పిడిని అందుకోవాలి. ప్రతి తూటాకూ గురి చెదరుతుంది.

ఈ అవస్థ నాకు స్వయంగా తెలుసు. కళాశాలలో ఎన్‌సీసీలో ఉన్నపుడు మాకు పాయింట్ టూటూ తుపాకితో కాల్పులు నేర్పేవారు. నేను సహజంగా ఎడమ భుజానికి ఆనించుకొన్నాను. హవల్దారు వచ్చి భుజం మార్పించాడు. ఆయన కోపిష్టి కాడు, ఆయన నేర్చుకొన్న పద్ధతి అది. అయితే నా గురి కన్ను ఎడమది. రెండు కళ్ళలో ఒకటి గురికి పెద్దగా నిలుస్తుంది, అది చాలామందికి చేతివాటం ఉన్నవైపునే ఉంటుంది. కుడి భుజాన తుపాకి పెట్టి, ఎడమ కన్ను మూసి, పని చేయడం అలవాటులేని కుడి కంటితో చూస్తే గురి కుదరలేదు. నా తూటాలన్నీ అట్ట అంచులు దాటిపోయాయి. “మాస్టారి కొడుకువి, కలం పట్టుకో” అన్నాడు నవ్వుతూ. కలం కూడ నాకు ఏ చేత పట్టనిచ్చారో ఆయనకు తెలియదు.

1962 చైనా యుద్ధం తర్వాత మన సైన్యం బోల్ట్ రైఫిలును విడిచి స్వయంభరణ తుపాకికి మారింది. సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. 1980లలో, 1990లలో తెలుగు పత్రికలు చదివినవారందరికీ ‘ఎస్సెల్లార్’ అన్న మాట కంఠస్థమే. బెల్జియం దేశపు నమూనా మీద ఇషాపూర్‌లో తయారయ్యేది. తూటా పేలినపుడు పుట్టే వాయువులో కొంత వెనుకకు మళ్ళి గొళ్ళేన్ని తానే తోస్తుంది. ఖాళీ గుల్ల బయటికి ఎగిరిపోతుంది, కొత్త తూటా లోపలికి వస్తుంది. మీట నొక్కినప్పుడల్లా ఒక గుండు.

గొళ్ళెం లాగే పని తప్పింది గనుక ఎడమచేతివాడి కష్టం తీరిందనుకొంటాం. ఒక కష్టం తీరి మూడు కొత్తవి వచ్చాయి. ఎగిరే గుల్ల కుడివైపు కిటికీ నుండి పోతుంది. ఎడమ భుజాన పెట్టుకొన్నవాడి ముఖం ఆ వైపునే ఉంటుంది. వేడి ఇత్తడి గుల్ల వాడి కంటి ముందుగా సాగి కుడి మోచేతిని తాకవచ్చు, చొక్కా మెడలో పడవచ్చు. దానితోబాటు పొగ, కాలని మందు రవ్వలు. ఇది మొదటిది. భద్రతామీట ఎడమవైపున, కుడిచేతి బొటనవ్రేలికి అందేటట్లు ఉంటుంది. ఎడమచేతివాడి బొటనవ్రేలు అవతలివైపున ఉంటుంది గనుక చూపుడువ్రేలితో తంటాలు పడాలి. ఇది రెండవది. మొదటి తూటాను లోపలికి ఎక్కించే పిడి ఎడమవైపున ఉంటుంది, మోసే చేతితో లాగడానికి. ఎడమచేతివాడికి మోసే చేయి కుడిది. ఇది మూడవది.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. బోల్ట్ రైఫిలులో పిడి కుడివైపున ఉండడం ఎడమచేతివాడికి శాపం. స్వయంభరణ తుపాకిలో పిడి కుడివైపున ఉంటే అది వాడికి వరం. రష్యావారి ఏకే తుపాకి పిడి కుడివైపునే ఉన్నది. ఎడమచేతివాడు దానిని మోసే కుడిచేతితో హాయిగా లాగవచ్చు.  ఎవడూ ఎడమవాణ్ణి ఉద్దేశించి వరమివ్వలేదు, శపించనూ లేదు. వాడిని తలచుకోనే లేదు.

* * *

తలచుకోవడం మొదలైనది ఇరవయ్యవ శతాబ్దం రెండవ సగంలో. పనివారు పట్టిన దారులు స్థూలంగా నాలుగు.

మొదటిది అద్దంలోని బింబం వంటి తుపాకి. పిడి, కిటికీ, మీట అన్నీ ఎడమకు మార్చి తయారుచేయడం. అమెరికాలో సావేజ్ కంపెనీ 1950ల చివరలో ఎడమచేతివారికి బోల్ట్ రైఫిలు చేసి అమ్మింది. 2003లో మొదలైన స్టాగ్ ఆర్మ్స్ అనే సంస్థ స్వయంభరణ తుపాకులనే ఎడమచేతివారికోసం చేయడంతో పేరు తెచ్చుకొన్నది. ఈ పద్ధతి వేటగాళ్ళకూ పోటీదారులకూ బాగున్నది. ఒలింపిక్ గురిపోటీలకు తుపాకులు చేసే జర్మను కంపెనీలు ఎడమ నమూనాలు కూడ అమ్ముతాయి. సైన్యానికి మాత్రం రెండు రకాల తుపాకులు, రెండు రకాల విడిభాగాలు మోయడం భారం.

రెండవది చిన్న అడ్డు. కిటికీ వెనుక ఒక చిన్న గూను వంటిది పెడితే గుల్ల దానికి తగిలి ముఖానికి దూరంగా ముందుకు పోతుంది. అమెరికావారు 1980లలో తెచ్చిన ఎం16ఏ2లో ఇది తుపాకిలోనే భాగమైపోయింది. బొటనవ్రేలంత లోహం! వియత్నాం యుద్ధం నాటి నుండి ఎడమచేతి సైనికుల చెంపలు కాలుతూ ఉంటే, దాని మందు ఇంత చిన్నది.

మూడవది భాగాల మార్పిడి. ఆస్ట్రియావారి ఆగ్ తుపాకి 1977లోనూ, ఫ్రెంచివారి ఫామాస్ 1978లోనూ సైన్యాలలో చేరాయి. వీటిలో గుల్లను లాగే భాగాన్ని, మూతను మార్చుకొంటే గుల్ల రెండవవైపు నుండి పోతుంది. మన ప్రత్యేక దళాలు 2000లలో తీసుకొన్న ఇజ్రాయెలీ తావోర్ కూడ ఇటువంటి మార్పుకు అనుకూలమైనదే. చిక్కు ఏమంటే మార్చిన తుపాకి ఎడమవాడిదైపోతుంది. ఆపత్సమయంలో కుడివాడు తీసుకొంటే ఇప్పుడు చెంప కాలేది వాడిది.

నాలుగవది పక్షపాతమే లేని నిర్మాణం. బెల్జియంవారి పీ90 తుపాకి, 1990 నాటిది, గుల్లలను నేరుగా క్రిందికి రాలుస్తుంది. అదే కంపెనీ 2001లో తెచ్చిన ఎఫ్2000 వాటిని ముందుకు పంపుతుంది. భద్రతామీట ఏ చేతికైనా అందుతుంది. ఏ భుజానికైనా ఆనించవచ్చు. ఇది నిజమైన సవ్యసాచి తుపాకి.

వీటికి ఎదురుగా బ్రిటిషువారి కథ ఒకటున్నది. 1985లో వారు తెచ్చిన ఎస్సే80 తుపాకిలో గుల్ల పోయే కిటికీ చెంప దగ్గరనే ఉంటుంది. ఎడమ భుజాన పెట్టి కాల్చడం కుదరదు. ఎడమచేతివాటం సైనికులందరికీ కుడి భుజాన కాల్చడమే నేర్పుతూ వచ్చారు. దీనివల్ల కుడిచేతివారికే నష్టం వచ్చింది. గోడకు ఎడమ అంచు నుండి తొంగిచూచి కాల్చవలసివచ్చినపుడు కుడివాడు కుడి భుజంతోనే కాల్చాలంటే సగం ఒళ్ళు బయటపెట్టాలి. పోరాటాలు మైదానాలు విడిచి వీధులలోకి, గల్లీ మూలలలోకి వచ్చిన తర్వాత అందరికీ అప్పుడప్పుడు ఎడమ భుజం కావలసివచ్చింది. పాతబస్తీ సందుల వంటి చోట ఈ మాట ఎంత నిజమో విడమరచి చెప్పనక్కరలేదు.

తుపాకులు మారడానికి అసలు కారణం ఇదే. పదవవాడి మీద దయతో మారలేదు. తొమ్మిదిమందికీ పదవవాడి అవసరం ఒకనాడు వస్తుందని తెలిసిన తర్వాత మారాయి. మన సైన్యం కోసం 2019లో 72,400 సిగ్ 716 తుపాకులు తెప్పించారు. వాటి మీటలు రెండువైపులా ఉన్నాయి. రేమాండ్ తోపులు పోతపోసిన మన హైదరాబాదులో ఐకామ్ అనే సంస్థ 2022లో అరబ్ ఎమిరేట్లకు చెందిన కారకాల్ కంపెనీతో ఒప్పందం చేసుకొని చిన్న ఆయుధాల తయారీకి పూనుకొన్నది. రెండువందల ఏళ్ళ తర్వాత ఈ నగరం మళ్ళీ తుపాకి చేస్తున్నది. ఈసారి పదవ మనిషి భుజం కూడ కొలుస్తారని ఆశిద్దాం.

* * *

తుపాకిని గురించి ఒక అహింసావాది అయిన పంతులు ఇంత దూరం ఎందుకు వ్రాశాడని చదువరులు అడగవచ్చు. తుపాకి నాకు ఇష్టమైన వస్తువు కాదు. అయితే మనిషికీ పనిముట్టుకూ తగవు వచ్చినపుడు ఎవరు లొంగాలి అన్న ప్రశ్న దానిలో స్పష్టంగా కనబడుతుంది. బలపం దగ్గర కనబడదు. బలపం దగ్గర తగవు ఓడిపోయేవాడికి అయిదేళ్ళుంటాయి.

మా తరంలో ఎడమచేత బలపం పట్టిన పిల్లవాడి చేతివ్రేళ్ళ మీద బెత్తం పడేది. అన్నం తినే చేతి విషయంలో ఆచారమున్నది, దానిని నేను ఆక్షేపించను. వ్రాతకు ఏ శాస్త్రమున్నది? “చెరిగిపోతుంది, అలుక్కుపోతుంది” అనేవారు. నిజమే. తెలుగు ఎడమనుండి కుడికి సాగుతుంది గనుక ఎడమచేయి తాను వ్రాసిన సిరా మీదనే జరుగుతుంది. అయితే పురానాపూల్ దాటి పాతబస్తీలోని ఏ ఉర్దూ బడికైనా వెళ్ళి చూడండి. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగుతుంది. అక్కడ సిరా అలుక్కుపోయే భయం కుడిచేతివాడిది, ఎడమచేతివాడికి లేదు. అదే పిల్లవాడు, అదే చేయి. ఒక బడిలో దోషం, మరొక బడిలో సౌకర్యం. దోషం చేతిలో ఉన్నట్లా, లిపిలో ఉన్నట్లా? రెండింటిలోనూ లేదు. రెండూ కలిసేచోట కొంచెం సర్దుబాటు కావాలి, అంతే. కాగితాన్ని కొద్దిగా వాలుగా త్రిప్పి పెట్టుకోమంటే చాలు. నేను ఉద్యోగం చేసిన కాలంలో ఎడమచేతి పిల్లలకు మొదట నేర్పినది అదే. బల్లకు ఎడమ చివర కూర్చోబెట్టేవాణ్ణి, పక్కవాడి మోచేయి తగలకుండా. ఆ బొటనవ్రేలంత లోహపు అడ్డుకు ఇది సరిసమానం.

మన పురాణంలో ఏకలవ్యుడి కథ ఉన్నది. గురువు అడిగినది కుడిచేతి బొటనవ్రేలు. ఇచ్చిన తర్వాత మిగిలిన వ్రేళ్ళతో బాణం వేసినా మునుపటి వేగం రాలేదని భారతం చెబుతుంది. ఆ కథ చదివినప్పుడల్లా హంగరీ దేశపు కారోలీ టకాచ్ గుర్తుకువస్తాడు. ఆయన సైన్యంలో పేరుపడ్డ పిస్తోలు గురికాడు. 1938లో చేతిబాంబు పేలి కుడిచేయి నుజ్జయింది. ఎవరికీ చెప్పకుండా ఎడమచేత సాధన చేశాడు. యుద్ధం కారణంగా రెండు ఒలింపిక్సులు జరగలేదు. 1948లో లండన్‌లో, 1952లో హెల్సింకీలో ఎడమచేతనే బంగారు పతకాలు గెలిచాడు. పిస్తోలు ఒంటిచేతి ఆయుధం గనుక చేయి మార్చుకోగలిగాడు. ఎడమచేయి ఎన్నడూ తక్కువది కాదు. దానికి అవకాశమే తక్కువ.

కుడిచేతివాడు పనిముట్లను గమనించడు. అవి వాడి చేతికి వాటంతటవే వచ్చి అమరుతాయి. ఎడమచేతివాడు ప్రతి కత్తెరనూ, ప్రతి గొళ్ళేన్నీ, ప్రతి మీటనూ చూచి, ఇది ఎవరికోసం చేశారు అని అడుగుతాడు. పనిముట్లను మనుషులు చేశారన్న సంగతి, మరొక విధంగా కూడ చేయవచ్చునన్న సంగతి వాడికి ముందుగా తెలుస్తుంది. ఈ తెలివి పదవవాడు తొమ్మిదిమందికి ఇవ్వగల కానుక. వాడి వ్రేళ్ళ మీద కొట్టి దానిని పోగొట్టుకొంటున్నాము.

చివరగా చదువరులకు ఒక విన్నపం. ఎడమచేతివాటానికి కోస్తాలో ‘పుర్రచేయి’ అన్న మాట విన్నాను. మీ ప్రాంతంలో, మీ ఇండ్లలో వేరే మాటలుంటే దయచేసి తెలియజేయండి. అందులో తిట్టు కానిది ఒక్కటైనా దొరుకుతుందేమో చూడాలని ఉన్నది. దొరకకపోతే ఉండనే ఉన్నది ‘సవ్యం’.